మైకమ్మ గొంతు

పంపు సూదిని నాలుక మీద తడిపి, బంతి కన్నంలోకి దించి, బంతిని మోకాళ్ళ మధ్య బిగించి గాలి కొడుతోంది కోచ్. నిండిన బంతిని బొటనవేలితో నొక్కి చూసి, వల సంచీలో పడేసి ఇంకొకటి అందుకుంటోంది. ఆటసామాను గది ఇరుకు. తడిగడ్డి, పాతతోలు, ఎప్పుడూ ఉతకని గోల్‌కీపర్ చేతితొడుగులు, అన్నిటి వాసనా కలిసిపోయి ఉంటుంది. మామూలుగా అయితే ఈ పని చేస్తూనే ఆమె తలుపులోంచి కేకలు వేసేది. లేసులు కట్టుకోమనీ, గోడకి జారబడి కబుర్లు చెప్పుకోవద్దనీ, మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టమనీ. ఇవాళ పంపు చప్పుడు తప్ప మరేం లేదు.

గొంతు పోయింది. జలుబుకి పోయిన గొంతు కాదు, మిరియాల కషాయానికి తిరిగి రావడానికి. చిన్న కెమెరాతో లోపలికి చూసిన డాక్టరు నిన్న తేల్చి చెప్పేశాడు.

"గునపం పట్టిన చేతికి కాయలు కాస్తాయి చూడండమ్మా, మీ గొంతులోనూ అలాగే కాశాయి. అరుపులు మానకపోతే ఈ గొంతు మానదు. ఈల కూడా ఊదొద్దు. అవసరమైతే నెమ్మదిగా నాలుగు ముక్కలు మాట్లాడండి, అంతే."

ఆడపిల్లలు చాటుగా ఆమెను మైకమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసునని వాళ్ళకీ తెలుసు. కాలేజీ వెనక వీధిలో ఇస్త్రీ చేసే మనిషి ఆమె కేకలు వినే మధ్యాహ్నం టీ పెట్టుకునేవాడు.

ఇంట్లోనూ అంతే. ఆమె భర్త దర్జీ. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఊఁ, ఊహూఁ అని బండి లాగించేసే మనిషి. ఇవాళ పొద్దున్న ఆ సూదులన్నీ తీసి పళ్ళెంలో పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు మాట్లాడావు, నేను ఊఁ కొట్టాను. ఇక నుంచి నేను మాట్లాడతాను, నువ్వు ఊఁ కొట్టు. కాకపోతే ఏం మాట్లాడాలో ఆలోచించుకోడానికి కాస్త టైమివ్వు."

ఆమె పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకీ చప్పుడు రాలేదు. అది చూసి ఆయన మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. గబగబా సూదులు మళ్ళీ నోట్లో పెట్టేసుకున్నాడు.

ఈ కాలేజీలో ఆమె చేరింది డ్రిల్లు టీచరుగా. చిన్నప్పుడు వీధిలో మగపిల్లలకి ఒక మనిషి తక్కువైనప్పుడల్లా ఆమెను గోల్‌లో నిలబెట్టేవాళ్ళు. ఆ సరదా పెద్దయ్యాకా చావలేదు. ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తానంటే అప్పటి ప్రిన్సిపాల్, మగపిల్లలు మైదానం వదిలేసే ఎర్రటి ఎండవేళ కావాలంటే నేర్పుకో అన్నాడు. ఆ ఎండలో గుప్పెడు మంది పిల్లలతో, ఇటుకలు పేర్చి గోల్ కట్టుకుని మొదలుపెట్టింది. మొదటి జెర్సీలు కొట్లో మిగిలిన గుడ్డతో భర్తే కుట్టాడు. గుడ్డ చాలక చేతులు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు. ఎదుటి జట్టు వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ రోజు ఓడిపోయారు. ఆ తరవాత కూడా బోలెడుసార్లు ఓడిపోయారు. ఆఫీసు బీరువాలో కప్పులన్నీ మగపిల్లలవే. వాటి మధ్య రెండో స్థానం షీల్డు ఒకటి ఉంది, అదొక్కటే ఆమె సంపాదన.

అయితే ఊళ్ళో ఆమె దగ్గర ఆడిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆసుపత్రిలో నర్సు, బస్సులో కండక్టరు, మందులషాపులో కౌంటరు వెనక నిలబడే ఇద్దరు పిల్లల తల్లి. ఎక్కడ ఎదురైనా ముందు వీపు నిటారుగా పెడతారు, ఆ తరవాతే పలకరిస్తారు.

వాళ్ళలో ఒకతె ఇప్పుడు ఈమెకు సహాయకురాలు. పిల్లలు చిన్నమేడమ్ అంటారు. బంతుల సంచీ భుజాన వేసుకోవడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ప్రిన్సిపాల్ గారు మళ్ళీ అడిగారు మేడమ్. ఈ ఏడాది మీరు కుర్చీలో కూర్చునైనా జట్టును చూస్తారా, లేకపోతే నన్ను చూసుకోమంటారా అని. మీరే ఉండండి. మీరు లేకపోతే ఈ పిల్లలు నా మాట వినరు."

కోచ్ తన గొంతుకేసి వేలు చూపించి, సంచీ మూతి బిగించింది. గొంతు లేకపోవడంలో ఉన్న సుఖం అదొక్కటే.

శనివారం మ్యాచ్ ఉంది. అందుకని జట్టును రెండుగా చీల్చి ఆడించారు. చిన్నమేడమ్ ఈల ఊదింది. కోచ్ ఎప్పటిలాగే అంచుగీత పక్కన నిలబడింది.

ఆట మొదలైన కాసేపటికే కంగాళీ అయింది. ఒకే బంతి కోసం ఇద్దరు పరిగెత్తి నుదుళ్ళు ఢీకొట్టుకున్నారు. గోల్‌కీపర్ ముందుకు రానా వద్దా అని ఊగిసలాడుతుండగానే బంతి ఆమె పక్కనుంచి దొర్లుకుంటూ పోయింది. కోచ్ నోరు తెరిచింది. గాలి వచ్చింది. గొంతులో మంట పుట్టింది. ఇంకేం రాలేదు.

అరవలేక ఊరికే చూస్తూ నిలబడ్డప్పుడు ఆమెకు ఒక సంగతి కనిపించింది. బంతి కాళ్ళ దగ్గరికి రాగానే ప్రతి పిల్లా తల తిప్పి ముందు తనవైపే చూస్తోంది. తోటి పిల్లలవైపు కాదు, గోల్‌వైపు కాదు. ఎటు కొట్టమంటారు అన్నట్టు తన మొహంలోకి. అలా చూసేలోపు బంతి పోతోంది. ఇవాళ కొత్తగా చూస్తున్నారా? కాదు. ఎప్పుడూ ఇలాగే చూసి ఉంటారు. తను అరుపుల్లో ఉండి గమనించలేదు.

ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగి, మైదానానికి వీపుపెట్టి నిలబడింది.

వెనక కాళ్ళ చప్పుడు తడబడింది. ఎవరో "మేడమ్‌కి కోపం వచ్చిందే" అని గొణిగారు. బంతి ఎవరి కాలికో తగిలిన చప్పుడు, పరుగు, రొప్పు. అప్పుడు వినిపించింది ఒక కేక.

"నీ వెనకాల! వెనకాల మనిషి!"

ఆ గొంతు ఎవరిదో కోచ్‌కి తెలియలేదు. ఆగలేక తిరిగి చూసింది. డిఫెన్సు మధ్యలో ఆడే పిల్ల. చేరిన దగ్గర్నుంచీ అవును, కాదు తప్ప మూడో మాట మాట్లాడలేదని అందరూ సైలెన్సు అని పేరు పెట్టిన పిల్ల. తన కేకకి తనే బిత్తరపోయి, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. హెచ్చరిక అందుకున్న పిల్ల బంతిని పక్కకి లాగి అవతలికి తన్నేసింది.

"భలే సైలెన్సూ! ఇంకోసారి అరువే!" అంది గోల్‌కీపర్.

"నువ్వు ముందుకి రా మరి! స్తంభంలా నిలబడకు!" అంది సైలెన్సు.

అందరూ గొల్లుమన్నారు. ఆ తరవాత ఒక్కొక్కళ్ళకీ నోళ్ళు వచ్చాయి. ఇటివ్వు, నాది, వదిలెయ్, ఎడమవైపు ఖాళీ. తప్పులు చెప్పుకున్నారు, తిట్టుకున్నారు, ఒకళ్ళమీద ఒకళ్ళు అరిచారు. తప్పుగా అరిచినా సరే, బంతి మాత్రం మనిషి నుంచి మనిషికి వెళుతోంది. కోచ్‌వైపు ఎవరూ చూడటం లేదు.

ఆమె చిన్నమేడమ్ పక్కకి వెళ్ళి, చెవి దగ్గరికి వంగింది.

"నీ మాట వినరని బెంగ పెట్టుకోకు," అంది, గరగర తప్ప మరేం లేని గొంతుతో. "నా మాట కూడా వినక్కర్లేదు. వాళ్ళ మాట వాళ్ళని విననీ."

"అంటే... మేడమ్?"

"అంటే జట్టు నీదే. ప్రిన్సిపాల్ గారికి పొద్దున్నే చెప్తాను. శనివారం వస్తాలే, మెట్లమీద కూర్చుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క మ్యాచూ చూడలేదే నేను. అరిచానంతే."

చిన్నమేడమ్ కళ్ళు నిండాయి. ఏదో అనబోయింది. ఇంతలో మైదానంలో ఇద్దరు ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని లాక్కోవడం కనబడితే, ఈల ఊదుకుంటూ అటు పరిగెత్తింది. పరిగెత్తుతూనే "ఏయ్!" అని ఒక్క అరుపు అరిచింది. గట్టి గొంతే.

కోచ్ గది దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ గమనించనూ లేదు. అలా గమనించకపోవడమే ఆమెకు ఎంతో బాగుంది. మెట్టు మీద నిలబడి, ఒక కాలి మునివేళ్ళతో ఇంకో కాలి మడమ తొక్కిపెట్టి, ఎప్పటి అలవాటుగానే బూట్లు లాగేసుకుని, చెప్పులేసుకుంది. గేటు దాటి వీధిలోకి వచ్చాక గోడవతలి నుంచి కేకలు వినిపిస్తుంటే కాసేపు నిలబడి విన్నది. ఏది ఎవరి గొంతో గుర్తుపట్టడానికి ప్రయత్నించింది. కొన్ని తెలిశాయి, కొన్ని తెలియలేదు. నెమ్మదిగా తెలుస్తాయిలే అనుకుంటూ ఇంటి దారి పట్టింది.

సామాను గది మెట్టు మీద ఆమె బూట్లు ఉన్నాయి, లేసుల ముడులు విప్పకుండానే, అడుగున తడి మట్టి ఇంకా ఆరకుండానే.