ఆరింట ఒక వంతు

షబ్రీన్ తలుపు దగ్గరికి వేసి కూర్చోమన్నప్పుడే ఏదో జరిగిందని నాగలతకు అర్థమైంది. నాలుగో నెల పరీక్షలకు రక్తమిచ్చిన వాళ్లకు ఆ నర్సు మామూలుగా కిటికీలోంచే రిపోర్టు చేతికిచ్చి పంపేస్తుంది.

"మేడం, మీ రక్తం ఇంకోసారి చూడాలె. రేపు పెద్ద దవాఖానకు పోండ్రి. సార్‌ను గూడ తోల్కపోండ్రి."

"ఏ పరీక్షల తేడా వచ్చింది?"

షబ్రీన్ గొంతు తగ్గించింది. "హెచ్ఐవీ. ఇది వట్టి మొదటి పరీక్ష మేడం. కిట్టు మీద సన్నగ గీత కనబడ్డది. ఏం లేకున్నా ఒక్కోసారి గట్ల వస్తది. పెద్ద దవాఖానల మూడు తీర్ల చూసి చెప్తరు. అప్పటిదాంక మనసు పాడు చేసుకోకుండ్రి."

"ఒక్కోసారి అంటే ఎన్నిసార్లు?"

"అది నాకు తెల్వదు మేడం."

బయటికొచ్చి ఎండలో నిలబడింది నాగలత. ఇంటికి వెళ్తే అత్త లాలి ఎదురొచ్చి, డాక్టరమ్మ ఏమన్నదని అడుగుతుంది. ఎటు పోవాలో తోచక, రోజూ పోయే చోటికే పోయింది. ఇల్లందులో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె స్టాటిస్టిక్స్ చెబుతుంది.

ఆ మధ్యాహ్నం సెకండియర్ వాళ్లకు సంభావ్యత మీద అభ్యాస లెక్కలు. అచ్చు తీయించి పంచిన కాగితం పోయిన వారం తనే తయారు చేసింది. చివరి లెక్క ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. తక్కినవన్నీ చేయించి, "ఆఖరిది ఇంటికాడ చేసుకోండ్రి" అని చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది.

ముందు బెంచీలో కూర్చునే ద్వాలి లేచింది. "అదే వస్తలేదు మేడం. తొంభై తొమ్మిది శాతం అనుకున్న. కింద ఇచ్చిన జవాబు వేరే ఉన్నది."

తక్కిన పిల్లలూ అదే మాటన్నారు. నాగలత మళ్లీ బోర్డు వైపు తిరిగింది. వాళ్లకు ముఖం కనబడకుండా ఉండటమే నయమనిపించింది.

"ఒక జబ్బు వెయ్యిమందిలో ఇద్దరికి ఉన్నదనుకుందాం. పరీక్ష ఆ ఇద్దరినీ తప్పకుండ పట్టుకుంటది. జబ్బు లేనోళ్లలో మాత్రం నూటికి ఒకరిని ఉన్నదని తప్పు చెప్తది. తక్కినోళ్లు దగ్గర దగ్గర వెయ్యి. వెయ్యికి నూటికొకరంటే?"

"పదిమంది."

"అంటే జబ్బున్నదని తేలినోళ్లు మొత్తం పన్నెండు మంది. అందులో నిజంగ ఉన్నది ఇద్దరికే. పన్నెండింట రెండు. ఆరింట ఒక వంతు."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అంత మంచి పరీక్ష కూడా అంత తప్పు చెబుతుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. నాగలతకు మాత్రం పొద్దున్నుంచీ మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. అసలు అంకెలు తనకు తెలియవు, ఇవి తను కల్పించుకున్నవే. అయినా లెక్క నడక ఇదే. ఆరింట అయిదు వంతులు ఏమీ లేనట్టే.

ద్వాలి ఇంకా కూర్చోలేదు. "మేడం, ఆ మనిషి గురించి మనకు ముందే ఏమన్న తెలిసి ఉంటే? అప్పుడు గూడ వెయ్యిల ఇద్దరేనా?"

నాగలత బోర్డు మీది రెండు అంకె చుట్టూ సున్నా చుట్టింది.

"కాదు," అంది. "ఏమీ తెల్వనప్పుడే ఆ లెక్క. తెలిసినదాన్ని బట్టి ఆ ఇద్దరనే అంకె మారుతది."

బస్సు కారేపల్లి దారి పట్టాక కిటికీ పక్కన కూర్చుని ఆ అంకెతోనే కుస్తీ పట్టింది. భర్త రవికుమార్ ఇప్పుడు బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్. పెళ్లికి ముందు రెండేళ్లు సెల్ టవర్ల పని మీద ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాడు. అక్కడెలా బతికాడో ఆయన చెప్పలేదు, తను అడగలేదు. ఇద్దరి చోట ఇరవై పెట్టి చూసింది. జబ్బు నిజమయ్యే భాగం మూడింట రెండయింది. యాభై పెట్టి చూడటానికి ధైర్యం చాలలేదు.

తండా దగ్గర దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా మిర్చి కల్లానికి నడిచింది. మొదటి షిఫ్టు చేసి వచ్చిన రవికుమార్ ఆరబోసిన కాయలను కాళ్లతో కలియదిప్పుతున్నాడు. ఘాటుకు ఆమెకు పొలమారింది.

"ఈ ఘాటులోకి ఎందుకొచ్చినవ్? డాక్టరమ్మ ఏమన్నది?" అని వాళ్ల ఇంటి భాషలో అడిగాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకునేది తండా భాషే. కానీ ఇప్పుడు చెప్పాల్సిన మాటకు ఆ భాషలో నాగలతకు నోరు రాలేదు. తెలుగులో చెప్పింది.

రవికుమార్ కాయల మధ్య అలాగే నిలబడిపోయాడు. "తప్పు వచ్చి ఉంటది," అన్నాడు. కాసేపటికి, "తప్పే గదా?"

"తప్పయ్యేదే ఎక్కువ. కానీ అది నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉన్నది."

"నేనేం చెప్పాలె?"

"టవర్ల పనికి పోయినప్పుడు ఎవరితోనన్న ఉన్నవా?"

బాట మీద ఒక ట్రాక్టర్ వెళ్తోంది. అది మలుపు తిరిగే దాకా అతను దాన్నే చూశాడు.

"ఒకామె ఉండె," అన్నాడు. "రాయపూర్‌ల. మేం కిరాయికున్న ఇంటి పక్కనే. పెండ్లి చేసుకుందామనుకున్నం. మా నాయిన ఒప్పుకోలే."

"ఆమె ఒక్కతేనా?"

"ఒక్కతే."

నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. ప్రేమ సంగతి అయి ఉండదని, పెడదారి ఏదో చెబుతాడని దారంతా అనుకుంది. తీరా విన్నాక ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది.

"మరి నీ దిక్కు?" అన్నాడు రవికుమార్.

నాగలత తలెత్తింది. బస్సులో వేసిన అంకెలన్నీ అతని మీద వేసినవే. తనను ఆ లెక్కలో పెట్టుకోవాలని ఒక్కసారైనా తోచలేదు.

"ఏమీ లేదు" అంటే సరిపోయేది. అతను నమ్మేవాడు కూడా.

"వరంగల్‌ల ఎమ్మెస్సీ చదివేటప్పుడు," అంది. "నా క్లాసతనే. ఒక ఏడాది."

అతను చర్రున చేను చివరికి నడిచిపోయాడు. గట్టు మీద మోటార్‌సైకిల్ ఉంది. ఎక్కి వెళ్లిపోతాడనుకుంది. వెళ్తే ఎప్పుడొస్తాడో, వచ్చి తల్లితో ఏం చెబుతాడో అనుకుంటూ ఉన్నచోటే నిలబడింది. రవికుమార్ బండి దగ్గర చాలాసేపు అటు తిరిగి నిల్చున్నాడు. తర్వాత బండి మీదున్న టార్పాలిన్ చంకన పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

మంచు పడకుండా మిర్చి కప్పాలి. ఆమె రెండో అంచు పట్టుకుంది. కప్పి, మూలల్లో రాళ్లు పెట్టారు.

"రేపు సెలవు పెడత," అన్నాడు, తలెత్తకుండా. "అమ్మకు స్కానింగ్ అని చెప్పు."

మర్నాడు పెద్ద దవాఖానలో ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. వరండాలో బెంచీ మీద మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నారు. లోపలి నుంచి ఎవరిని పిలిచినా నాగలత ఉలిక్కిపడింది. పేరు పిలిచినప్పుడు మాత్రం లేవలేకపోయింది. రవికుమార్ చెయ్యి పట్టి లేపాడు.

"ఇద్దరికీ ఏమీ లేదు," అంది కౌన్సెలర్, వాళ్లు కూర్చోకముందే. "మూడు పరీక్షలు చేసినం. మొదటిది తప్పు చూపింది. గర్భంతో ఉన్నప్పుడు ఒక్కోసారి గట్ల అయితది."

రవికుమార్ "మళ్లొకసారి చెప్పండ్రి" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. నాగలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగుదారిలో అడవి మొదలయ్యే చోట ఒక హోటల్ దగ్గర బండి ఆపాడు. టీ వచ్చింది. అతను గ్లాసు ముట్టలేదు.

"అతని పేరేంది?"

"ప్రదీప్."

తల ఊపాడు.

"ఆమె పేరు?" అంది నాగలత.

"కుంతి."

తర్వాత చాలా రోజులు రవికుమార్ ముభావంగానే ఉన్నాడు. తిని, షిఫ్టుకు పోయి, వచ్చి కల్లంలో పడేవాడు. కొడుకు పుట్టడేమోనని బెంగ పడుతున్నాడనుకుని లాలి కోడలిని ఓదార్చబోయింది. నాగలత వివరించలేదు.

మిర్చి మార్కెట్‌కు చేరిన రోజు సాయంత్రం ఆమె బియ్యపు రొట్టెలు చేస్తుంటే అతను పొయ్యి దగ్గరికొచ్చి పీట వేసుకున్నాడు. కుంతి వాళ్లింట్లో వీటిని ఆకుల మధ్య పెట్టి నిప్పుల మీద కాల్చేవాళ్లని, మొదటిసారి తను ఆకుతో సహా కొరికేస్తే అందరూ నవ్వారని, ఎవరూ అడగకుండానే చెప్పాడు. నాగలతకు కలుక్కుమంది. పెనం మీద రొట్టె తిప్పి, "ఏ ఆకు?" అని అడిగింది.