పొగగొట్టం మీది దారం

చాటలో ఈక పడింది.

బూడిద రంగు ఈక. పావురానిది. బీడీలకు కోసి పెట్టుకున్న తునికాకు మీద, తంబాకు పక్కన, బరువే లేనట్టు వాలింది.

తల ఎత్తిన.

ఇంటి వెనక మూతబడ్డ మిల్లు. మిల్లుకు పొగగొట్టం. పొగ లేదు. కొస దగ్గర తుప్పు పట్టిన ఇనుప అరుగు. దాని మీద డేగ. కాళ్ల కింద పావురం. చీరుతుంది... ఈకలు గాలికి వదులుతుంది... మాంసం పిల్లలకు పెడుతుంది.

ఈక పడిందంటే పైన ఎవరో తింటున్నట్టు.

సిరిసిల్లలో మా వాడంతా దాన్ని గద్ద అంటది. నేను అనను. నేను కోరుట్ల అవతలి పల్లె పిల్లను. మా బాపు లస్మయ్య తాళ్లు ఎక్కి కల్లు గీసేటోడు. తాటిచెట్టు కొసన ఉండి ఆకాశం చూసేటోడు. గద్ద రెక్కలు చాపి తేలుతది బిడ్డా, డేగ రెక్కలు ముడిచి రాయి లెక్క పడుతది — అని చెప్పిండు. నేను మరిచిపోలేదు.

ఈ ఊరికి నన్ను తెచ్చింది మా ఆయన చందు. ఇక్కడ ఆటో నడిపిండు. తర్వాత బట్ట నేసే సాంచాలు బందైనయి. మగ్గం ఆగినంక ఆటో ఎవరెక్కుతరు? జగిత్యాల ఏజెంటు గల్ఫ్ అన్నడు.

పోయిండు.

నేను కనకయ్య తాత ఇంట్లో, కిరాయికున్న మీది అర్రలో మిగిలిన. మిద్దె మీద కూర్చొని బీడీలు చేస్త. చేతులకు పని తెలుసు. కండ్లు ఖాళీ.

ఆ ఖాళీ కండ్లతో డేగలను చూసిన.

చలికాలం పోయే ముందు రెండు తెల్లటి ముద్దలు. ముద్దల్లోంచి గోధుమ రంగు ఈకలు పొడుచుకొచ్చినయి. శివరాత్రి దాటినంక రెండూ ఇనుప అరుగు అంచున నిలబడి రెక్కలు కొట్టుకునేవి — కాళ్లు లేపకుండా, గట్టిగా, ఇంకా గట్టిగా. తల్లి పావురాన్ని పట్టుకొని వాటి ముంగట నుంచే పోయేది. ఇచ్చేది కాదు. చూపించేది. రమ్మనేది. మళ్లీ తిరిగొచ్చేది.

ఆకలి పెట్టేది. కానీ దూరం పోయేది కాదు.

దూరం పోయేది కాదు.

మొదటి పిల్ల దుమికింది. గాలి దాన్ని పట్టుకుంది.

రెండోది దుమికిన పొద్దు సుడిగాలి లేచింది. పిల్ల తిరగబడింది. కనకయ్య తాత కార్ఖానా వెనక దొడ్డిలో పడింది. దెబ్బ తగల్లేదు. బెదిరింది, అంతే. ఎత్తు మీద పెడితే ఎగిరిపోయేది.

ఎత్తు మీద ఎవరూ పెట్టలేదు.

నేను దిగేసరికే తాత దాన్ని కార్ఖానాలోకి తీసుకపోయిండు. అది పేరుకే కార్ఖానా. సాంచాలన్నీ నిరుడే ఇనుప తూకానికి పోయినయి. నేలలో బోల్టులు మాత్రం మిగిలినయి, పీకినా రాని పండ్ల లెక్క. ఒక బోల్టుకు పిల్లను కట్టిండు. కండె మీద మిగిలిన పాలిస్టర్ దారం, మూడు పేటలు చేసి. కాలికి ఒక ముడి. తెగిన పోగును అతికే ముడి — చూస్తుండగానే వేళ్ల మధ్య పుట్టే ముడి.

"గాలికి పోతే సస్తది బిడ్డా," అన్నడు. "గీడ్నే భద్రంగ ఉంటది."

భద్రం.

తాత చెడ్డోడు కాదు. నా కోపమంతా అదే. చెడ్డోడైతే తిట్టి పోయేదాన్ని.

కోడి కందనకాయ తెచ్చి, సన్నగా తరిగి, ముక్క ముక్క పెట్టిండు. సాంచాలు పోయినంక మొదటిసారి తల దువ్వుకున్నడు. వాళ్లావిడ శంకరవ్వ గుమ్మంలో నిలబడి చూసింది.

"నా పెండ్లయినకాడికెల్లి నన్ను గింత ముద్దుగ సూడకపోతివి. గద్దకు కందనకాయ, నాకు కారం మెతుకులు."

"నువ్వేమన్న ఎగిరిపోతవా?"

"ఒక్కనాడన్న ఇడిసి సూసినవా?"

నవ్విన్రు. వాడంతా నవ్వింది. వాడంతా వచ్చింది కదా — ఫోన్లు పట్టుకొని, పిల్లలను సంకనేసుకొని. ఎదురింటి పరశురాములు, ఆయన సాంచాలు కూడా పోయినయి, కూర్చొని బీడీ ముట్టించిండు.

"గద్దకన్న పని నేర్పు కనకయ్యా. మనకైతే లేకపాయె."

అయ్యో పాపం, పసిది, అన్నరు అందరూ.

అయ్యో పాపం. ఆ మాట వింటే నా పండ్లు బిగుసుకుంటయి. మగ్గాలు ఆగినప్పుడు కూడా అట్లనే వచ్చిన్రు ఎవరెవరో. ఫోటోలు తీసుకున్నరు. అయ్యో పాపం అన్నరు. కార్లు ఎక్కిన్రు. పోయిన్రు.

పైన తల్లి తిరిగేది.

కెక్ కెక్ కెక్... కాళ్లలో పావురం. రేకుల కప్పు మీదనే తిరిగేది. రేకుల కిందికి రాలేకపోయేది. కింద పిల్ల వినేది. ఎగిరేది. దారం గుంజేది. పడేది.

ఎగిరేది. దారం గుంజేది. పడేది.

ముడి కింద కాలు ఎర్రబడింది.

"తాతా, ఇడిసిపెట్టు. తల్లి పిలుస్తుంది," అన్న.

"తిండి పెడుతున్నం గద బిడ్డా. ఇంకేం గావాలె దానికి?"

మిద్దె ఎక్కిన. బీడీలు చుట్టిన. దారం ఎంత బిగించిన్నో నాకే తెలియదు. మరునాడు బీడీలు చూసేటాయన సగం పక్కకు పారేసిండు. "గిట్ల గొంతు పిసికినట్టు కడితే పొగెట్ల వస్తది?" అన్నడు. ఎవరికీ జవాబు చెప్పే అలవాటు లేదు నాకు. ఏజెంటు ఫోన్ ఎత్తకపోయినా మళ్లీ చేసి, మళ్లీ చేసి, ఊకునేదాన్ని.

శుక్రవారం చందు ఫోన్ చేసిండు.

అక్కడ దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నరు. కంపెనీ తాన భద్రంగ ఉంటదట — అని అప్పుడు నవ్విండు. నేనూ నవ్విన. ఇప్పుడు నవ్వుతలేడు. ఒప్పుకున్న గడువు అయిపోయింది. పాస్‌పోర్టు ఇయ్యమంటే ఇస్తలేరు.

"ఏమంటున్నరు?"

"తిండి పెడుతున్నం గద, ఇంకేం గావాలె అంటున్నరు."

కింద, రేకుల కింద, రెక్కలు కొట్టుకున్నయి... గుంజింది... నేలకు కొట్టుకుంది.

"అదేంది సప్పుడు?" అన్నడు చందు.

"ఏం లేదు," అన్న.

ఫోన్ పెట్టిన. ఆకు కోసే కత్తెర తీసుకొని కిందికి దిగిన.

పట్టపగలు. తాత పిల్ల ముంగటనే కూర్చున్నడు. కత్తెర దాచుకోలేదు నేను.

"ఆ ముడి ఇప్పు తాతా."

"ఏమైంది బిడ్డా?"

"భద్రం భద్రం అనుకుంట ఎంతమందిని కడతరు మీరు? ముడి ఇప్పు. లేకుంటే నేను కోస్త."

ఆ గొంతు నాదే. నాకే కొత్త. శంకరవ్వ గుమ్మంలోకి వచ్చింది.

తాత కత్తెరను చూడలేదు. నా మొహం చూసిండు. తర్వాత భుజం మీది తువ్వాల పిల్ల మీద కప్పి, కాలు పట్టుకొని, ముడి వెతికిండు. గోరుతో గీకిండు. పిల్ల రక్కింది. మళ్లీ గీకిండు. ముడి రాలేదు.

బతుకంతా ముడులు వేసిండు. తెగిన ప్రతి పోగుకూ ఒకటి. ఒక్కటి కూడా విప్పలేదు. విప్పడం ఆ పనిలో లేదు.

తన వేళ్లను తానే చూసుకున్నడు, ఇంకెవరివో చూసినట్టు.

"ముడి ఏసుడే నేర్చిన బిడ్డా," అన్నడు.

మా బాపు కూడా కట్టుకునేటోడు. మోకు — తాడును చెట్టుకూ తన నడుముకూ చుట్టి ఎక్కేటోడు. కానీ ఆ ముడి ఆయన చేతిలో ఉండేది. దిగాలనుకుంటే దిగేటోడు. ముడి ఎవరి చేతిలో ఉందో... అంతే ఫరక్.

కోసిన.

కాలు దగ్గరికి కోయబోతే పిల్ల గుంజుకుంది. కత్తెర జారింది. దారం తెగింది, కానీ మూరెడు అవతల. ముడి కాలికే ఉంది.

"పైకి తీస్కపో," అన్నది శంకరవ్వ. "పొద్దు గూకెదాక ఉంటే ఈయన మనసు మళ్ల మారుతది."

మిగిలిన దారం మిద్దె మీద కోద్దామనుకున్న. పిల్లను తువ్వాలతోనే తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, కాలు వెతుకుదామని తువ్వాల కొస ఎత్తిన. అంతే. ఒక్క దుముకు.

పడింది... పడింది... వాడ మీద గాలి దాన్ని పట్టుకుంది.

వెనక తెల్లటి దారం సాగింది.

పొగగొట్టం మీది నుంచి తల్లి దిగింది. పిల్ల పక్కన, పిల్ల కింద, మళ్లీ పక్కన. రెండూ పైకి పోయినయి.

వాడంతా చప్పట్లు కొట్టింది. ఫోన్లు ఎత్తింది.

నేను కొట్టలేదు. ఆ దారం పాలిస్టర్‌ది. వానకు నానదు. ఎండకు చీకదు. ఏ కరెంటు తీగకో, ఏ తుప్పు ఇనుముకో చుట్టుకునే దాకా ఆగుతది. దేనికి చప్పట్లు? దారం కట్టిన రోజు ఈ చేతులన్నీ ఎక్కడున్నయి?

తాత ఇప్పుడు కార్ఖానాలో కూర్చోడు. మిద్దె మెట్ల మీద కూర్చుంటడు. నేను దిగినప్పుడల్లా అడుగుతడు —

"అవుపడ్డదా బిడ్డా?"

తల ఎత్తి పొగగొట్టం చూస్త.

ఇనుప అరుగు అంచున ఎండ పడ్డప్పుడు సన్నగా ఒకటి మెరుస్తది. దారం కొస. గాలికి ఊగుతది. అవతల పిల్ల కూర్చుందో... ఇనుముకు చుట్టుకొని వేలాడుతుందో... దారమొక్కటే మిగిలిందో. ఇక్కడినుంచి అవుపడదు.

శుక్రవారం వచ్చింది. చందు ఫోన్ రాలేదు. ఇంకో శుక్రవారం వచ్చింది.

నా కోపం చల్లారలేదు. చల్లారనియ్య. చాట ముంగట పెట్టుకొని కూర్చుంట. బీడీలు గట్టిగనే చుడుత. చూసేటాయన పారేస్తే పారెయ్యనీ.

ఇయ్యాల పొద్దున చాటలో ఈక పడింది.

బూడిద రంగు. పావురానిది.

పైన ఒక పిల్ల తింటుంది.

మొదటిదో, దారమున్నదో... తెలియదు.