సోమవారం కత్తిరించని గోరు

ఆ ఫోటో చూసి చప్పట్లు కొట్టింది మీరే. కింద "అద్భుతమైన కృత్యం" అని రాసింది మీరే. విత్తనాల కంపెనీల పెద్దలారా, ఊరూరా తిరిగి పిల్లల్ని పోగుచేసే ఆర్గనైజర్లారా, శనివారం సాయంత్రానికి ఫోన్‌లో ఒక బొమ్మ పడితే వారం చదువు అయిపోయిందనుకునే సార్లారా, ఆ ఫోటోలో పిల్లల చేతుల్లో పూలున్నాయి. పూలు చూశారు. చేతులు చూశారా? చూసుంటే చప్పట్లకు మీ చేతులు లేచేవి కావు. ఫోటోలో పడని సంగతి ఇప్పుడు వినండి.

గట్టు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఒక పల్లె. ఆ పల్లెకు రెండు గదుల బడి. ఐదు తరగతులకు పద్మజ మేడం ఒక్కతే. వనపర్తి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. బడి వెనక రేకుల కింద పిల్లలకు అన్నం వండేది నిరోష. ఆమె భర్త సాంసన్ కొత్తకోటలో లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు, పండగకో పబ్బానికో వస్తాడు. వాళ్ల బిడ్డ రూతు అదే బడిలో నాలుగో తరగతి.

నిరోషకు చదువు రాదు. గోడ మీద ఏం రాసుందో తెలియకపోయినా, చెవులతో విని బడి వారమంతా ఆమెకు నోటికొచ్చేసింది. సోమవారం గోళ్లు చూడటం, తర్వాత కథ. మంగళవారం లెక్కలు, గింజలు పేర్చి. బుధవారం బొమ్మ చూసి మాట్లాడటం. తర్వాత రెండు రోజులు చదవడం, రాయడం. శనివారం పరీక్ష, దాని వెంట ఏదో ఒక కృత్యం, దాని ఫోటో. ఐదు రోజులు చెప్పు, ఆరో రోజు అడుగు. అదీ పైనుంచి వచ్చిన లెక్క.

సోమవారం గోళ్ల సంగతే అసలు సంగతి. వానాకాలం సగమయ్యాక పద్మజ మేడం పిల్లల గోళ్లు తనే కత్తిరిస్తుంది, కానీ కుడి బొటనవేలి గోరు మాత్రం వదిలేస్తుంది. ఎందుకని పిల్లలు అడగరు, ఆమె చెప్పదు. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఇక్కడి పత్తి దూది కోసం వేసే పత్తి కాదు, విత్తనం కోసం. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ మధ్యాహ్నమే పట్టుకుని, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, రేకులూ పుప్పొడీ ఒక్క తిప్పుడుతో ఊడబెరకాలి. నడిమి కాడకు గీత పడకూడదు. గుర్తుకు దాని మీద ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి వేరే సాలు పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. పిల్లలైతే చెట్టెత్తునే ఉంటారు, వేళ్లు సన్నం, నోరు చిన్నది. ఆ మూడింటికీ వాళ్లు కావాలి.

నిరోష కూడా ఒకప్పుడు ఆ గోరు పెంచింది. రెండో తరగతిలో చేనుకు పోయిన పిల్ల మళ్లీ బడి మెట్లెక్కింది వంటమనిషిగానే. రూతు చంటిపిల్లప్పుడు ఒళ్లు కాలిపోతుంటే గద్వాల దవాఖానకని బస్సెక్కింది. బోర్డు చదవరాక ఎక్కింది రాయచూరు బస్సు. కండక్టర్ నవ్వి నడిరోడ్డున దింపాడు. ఆ రోజు చంకలో బిడ్డను వేసుకుని నడుస్తూ ఒకటే అనుకుంది, ఇది చదవాలి, ఇది చేనుకు పోకూడదు, అంతే.

క్రాసింగ్ మొదలైన వారం మద్దిలేటి బడి వెనక్కి బండి తెచ్చి ఆపాడు. కంపెనీకీ రైతులకూ నడుమ ఆర్గనైజర్ అతను. బడి కమిటీలో కూర్చునేవాళ్లంతా అతని మనుషులే.

"ఏం వండుతున్నవ్ నిరోషా?"

"పప్పు, అన్నా. తింటవా?"

"నీ పప్పు తింటే రేపు నాకు గూడ పలక ఇస్తరేమో మీ మేడం." బండి మీంచి దిగకుండానే నవ్వాడు. "జర నీ బిడ్డను తోలు. మొగ్గ ఆగుతలేదు. మనుషులు సాల్తలేరు."

"నా బిడ్డ చదువుకుంటది."

"చదువొద్దన్ననా? పొద్దుగాల చదువుకోని, అన్నం తిని, మాపటిదాక చేన్ల ఉండి వస్తది. అందరి పిల్లలు వస్తలేరా? నీ బిడ్డకొక్కదానికే కొమ్ములున్నయా?"

"అందరి సంగతి నాకెందుకు. నా పిల్ల రాదు."

"సాంసన్‌తోని మాట్లాడుత తియ్."

"మాట్లాడు. కన్నది నేను. ఆయన గూడ నన్నే అడుగుతడు."

మద్దిలేటి నవ్వు సగానికి దిగింది. "గీ వంట పని నీకు ఎవరిప్పిచ్చిండ్రో యాదికున్నదా? సుగుణమ్మ నా ఇంటి సుట్టూ తిరుగుతున్నది, నాకియ్యి నాకియ్యి అని. సోంచాయించుకో."

బండి పోయింది. నిరోష కట్టె ఎగదోసింది. మాట వణకలేదు, అది చాలనుకుంది. తర్వాత మద్దిలేటి మళ్లీ రాలేదు, అడగలేదు. గెలిచాననుకుంది పిచ్చిది. మద్దిలేటిలాంటివాడు అడగడం మానేశాడంటే అడిగింది దొరికిందని అర్థం. అది ఆమెకు తట్టలేదు.

అన్నాలయ్యాక, ముందు గేటు కనబడని ఆ వెనకే గిన్నెలు తోమి, రేకుల షెడ్డు ఊడ్చి, నిరోష అక్కడినుంచే మిరప చేలో కలుపుకు పోయేది. చీకటి పడే వేళకు ఇల్లు చేరితే రూతు గడప మీద ఉండేది. బడినుంచి వచ్చిందనుకునేది. ఎవరైనా అదే అనుకుంటారు.

ఆ నెల్లో రూతు చదువు వెనక్కి నడిచింది. ముందు పేజీకి పేజీ గడగడా చదివి తల్లికి వినిపించే పిల్ల, ఇప్పుడు పుస్తకం ముట్టగానే పడుకునేది. తలనొప్పి అనేది. అన్నం కంచం ముందు కూర్చుని కక్కుకుంది ఒకసారి. శనివారం పరీక్షలో పేరా చదవమంటే నోరు తెరవలేదు. మేడం రూతు పేరు పక్కన "మళ్లీ" అని రాసింది. వారం తిరిగాక ఇంకో "మళ్లీ".

శుక్రవారం సాయంత్రం నిరోష పుస్తకం తెచ్చి రూతు ఒళ్లో పడేసింది. "సదువు."

"కండ్లు మండుతున్నయమ్మా."

"మండుతయి. ఆడి ఆడి వస్తివి, మండక ఏం చేస్తయి. బడికి ఎందుకు తోలుతున్న నిన్ను? నా లెక్క బోర్డు కింద నిలబడి అందరినడుగుతవా?"

రూతు అక్షరాల మీద వేలు పెట్టింది. ఎడమ చేతి వేలు. రెండు మాటలు చదివి ఆగిపోయింది. నిరోష కొట్టింది. వీపు మీద, రెండుసార్లు. పిల్ల ఏడవలేదు. కుడి చెయ్యి లంగా మడతలో దాచుకుని అట్లాగే కూర్చుంది. తల్లి ఆ చెయ్యి చూసి ఉంటే ఈ కథ అక్కడే తెగేది. కోపంలో ఎవరు చేతులు చూస్తారు?

శనివారం మండలం నుంచి ఒక సారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మనిషి, పిల్లలందరినీ "బంగారూ" అని పిలిచాడు. ఆ వారం పాఠం పువ్వు భాగాలు. మేడం చర్చి ఆవరణలోని మందార పూలు తెప్పించింది, పిల్లకొకటి ఇచ్చింది.

"పువ్వును బాగా చూడండి. లోపల ఏమేమున్నాయో చూసి బొమ్మ గీయండి."

నిరోష సారుకు చాయ్ తీసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు పూలవైపు చూడనేలేదు. మందారం పత్తిపువ్వుకు చెల్లెలే, చేతిలో పడగానే చేతులు తమ పని తాము చేసుకున్నాయి. గోరు గీరింది, మణికట్టు తిరిగింది, రేకులన్నీ ఒక్క ముద్దగా ఊడి కింద పడ్డాయి. వెంటనే రెండో గీరుడు, పుప్పొడి రాలింది. గదిలో చప్పుడు ఒక్కటే, పచ్చి కాడ మీద గోరు చప్పుడు. ప్రతి చేతిలో బోడి కాడ మిగిలింది. మూడో తరగతి పిల్ల ఒకతి లేచి అడిగింది.

"మేడం, ఎర్ర కాయితాలు యాడున్నయి?"

సారు మురిసిపోయాడు. "భలే తల్లీ. ఎర్ర కాగితం అంటిస్తారా? మేడం, ఇచ్చేయండి, ఇచ్చేయండి, ఫోటోలో రంగు బాగుంటుంది." ఫోన్ పైకెత్తాడు. పద్మజ మేడం తల ఎత్తలేదు. చివరి వరసలో రూతు తన బోడి కాడను వెలుతురుకు పట్టి, గీత పడిందేమోనని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ఆ తిప్పుడు ఒకరిని చూసి నేర్చుకునేది కాదు. ఎండలో, పురుగుమందు వాసనలో, వెనక మనిషి తిడుతుంటే వచ్చేది. నిరోష చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, బిడ్డ రెక్క పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కుపోయింది. కుడి చెయ్యి విప్పింది. బొటనవేలి గోరు పొడుగ్గా, నల్లగా. గోరు మొదట్లో చర్మం చీలి చీము పట్టింది.

"ఎప్పటిసంది?"

రూతు నేల చూసింది.

"ఎప్పటిసంది అంటున్న."

"మద్దిలేటి మామ నీతోని మాట్లాడిపోయిన తెల్లారి సంది."

"ఎవరు తోలిండ్రు నిన్ను?"

"ఎవరు తోలలే. నేనొస్తే నీ వంట పని పోదన్నడు. నీకు చెప్పొద్దన్నడు. చెప్తే పోతదంట." చిన్నగా అంది, "పోయిందా అమ్మా?"

నిరోష నిన్న కొట్టిన వీపు మీద చెయ్యి వేసి, అట్లాగే కూలబడింది.

సారు బండి ఊరు దాటాక నిరోష గదిలోకి పోయింది. మేడం కిందపడ్డ రేకులు ఊడుస్తోంది.

"మేడం, మీకు తెల్సు."

"తెలుసు." చీపురు ఆగలేదు. "అన్నాలు కాగానే ఆటో వస్తది. గేటు దాకా పోయి రెండుసార్లు ఆపిన. పొద్దున ఫోన్‌లో పిల్లల మొఖాలు పడితే హాజరు పడ్డట్టే, మధ్యాహ్నం ఎవరున్నరని ఎవరూ అడగరు. నేను పైకి చెప్పిన నిరోషా. ఏమన్నరో తెలుసా? పిల్లలు తగ్గిండ్రని తేలితే బడిని పక్కూరి బడిలో కలుపుతరు, గమ్మునుండండి అన్నరు. నాలుగు కిలోమీటర్లు. మీ ఆడపిల్లలు ఒక్కరు పోతరా అంత దూరం?"

"అంటే బడి ఉండాల్నని పిల్లలను చేన్లకు పంపినరు."

మేడం చీపురు గోడకు ఆనించింది.

"సదువు వస్తలేదని నిన్న నా బిడ్డను కొట్టిన మేడం. మీరు ప్రతి వారం 'మళ్లీ' అని రాస్తిరి. ఎందుకు వస్తలేదో ఒక్క మాట నాకు చెప్పకపోతిరి. నేను గీ గోడకు ఆ పక్కనే ఉంటి గదా."

పద్మజ ఏడ్చింది. ఏడిస్తే ఏం వస్తుంది? కుక్క కాటుకు ఊదితే సరిపోతుందా?

ఆ సాయంత్రం నిరోష గోరు కత్తిరించబోతే రూతు పిడికిలి బిగించింది. "వద్దమ్మా, నీ పని పోతది." వేలు వేలు విడదీసి కత్తిరించాల్సి వచ్చింది.

సోమవారం అన్నాలు కాగానే ఆటో వచ్చింది. "బర్రి, బర్రి" అని, రండి రండని డ్రైవర్ కన్నడంలో కేకేశాడు. పిల్లలు చేతులు కడుక్కోకుండానే కదిలారు. నిరోష గేటుకు అడ్డంగా కూర్చుంది. కొంగు నడుముకు చుట్టుకుని, కాళ్లు చాపి.

"లెవ్వక్కా, నాకు ఆలస్యమైతున్నది," అన్నాడు డ్రైవర్.

"నా మీదికెక్కించి పో."

మద్దిలేటి రాలేదు. అతనికి రావాల్సిన పని లేదు. తల్లులే వచ్చారు. రాధమ్మ ముందు నిలబడి నడుం మీద చెయ్యి పెట్టింది. "నీ బిడ్డను నువ్వు సంకల ఏస్కోని కూసో. మా పిల్లలను ఆపనీకె నువ్వెవరే? నీకు వంట పని ఉన్నది, మాకేమున్నది? నువ్వు పెడతవా మాకు?"

నిరోష చెప్పింది, తలనొప్పి గురించి, మండే కళ్ల గురించి, మందు గురించి. వాళ్లకు తెలియందా అది? వాళ్లంతా అదే చేలో పెరిగారు. రాధమ్మ విన్నది, కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే బిడ్డ రెక్క పట్టుకుని వెనక గోడ దగ్గరికి నడిచింది. ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని గోడ మీంచి అందించారు. ఆటో అటు తిరిగి వెళ్లి ఎక్కించుకుంది. గేటు దగ్గర నిరోష మిగిలింది, గదిలో రూతు మిగిలింది.

మంగళవారం నిరోష వచ్చేసరికి పొయ్యి మండుతోంది. సుగుణమ్మ బియ్యం కడుగుతోంది. "కమిటీ చెప్పింది నిరోషా, నా మీద కోపం పెట్టుకోకు," అంది తల తిప్పకుండా. నిరోష తన గరిటె ఒక్కటి తీసుకుంది, అది ఆమె సొంతం. గది ముందునుంచి పోతుంటే రూతు గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పిన గదా అమ్మా."

"చెప్పినవ్ తీ. లోపలికి పో. సదువు."

మధ్యాహ్నం ఖాళీ బల్లల నడుమ రూతు ఒక్కతే పాఠం చదివింది. ఒక్కో మాట మీద ఆగి, కళ్లు నులుముకుని, మళ్లీ మొదలుపెట్టి. విన్నది పద్మజ మేడం ఒక్కతే. మిగతా తరగతులన్నీ పత్తి సాళ్లలో ఉన్నాయి.

ఇప్పుడు అయ్యో అనకండి, అయ్యోలతో ఊరు నిండిపోయి ఉంది. ఆ ఊరు ఏదని అడగకండి, క్రాసింగ్ నడిచే ఏ ఊరికైనా పోండి. పొద్దున పోవద్దు, పొద్దున అందరి మొఖాలూ ఫోన్‌లో పడతాయి. అన్నాలయ్యాక పోండి, చేలోకి పోండి. పిల్లలెక్కిన ఆటోను ఆపండి. కేసు రాధమ్మ మీద కాదు, ఆ ఆర్గనైజర్ మీద, ఆ విత్తనం సంచిలో పోసి అమ్ముకునే కంపెనీ మీద పెట్టండి. పెద్దవాళ్లకు పూర్తి కూలి ఇచ్చి పెద్దవాళ్లతోనే మొగ్గలు గిల్లించండి. పిల్లలు తగ్గారని చెప్పిన బడిని మూయడం మానండి, ఆ బడికి రెండో టీచరును వేయండి, వచ్చే నెల కాదు, ఈ వారం. పిల్లల కళ్లకు డాక్టర్ను పంపండి. నిరోష పని నిరోషకు తిరిగి ఇవ్వండి. ఇదంతా అయ్యాక, అప్పుడు తీయండి ఫోటో.