ఖునావ్ పేరున రొట్టె

సమాధి రాళ్లు చెక్కే రమో మేస్త్రి ఉలి పక్కన పెట్టేశాడు.

"నా వల్ల కాదు జోజాన్. ఆ అక్షరం చెక్కితే నా కొట్టుకు తాళం పడుద్ది."

"మా అమ్మ పేరే గదా బాబాయ్ నేను చెక్కమన్నది! బూతేం కాదుగా?"

అమ్మ పేరు ఖునావ్. టర్కీలోని ఈ మార్దిన్‌లో డెబ్బై ఏళ్లు అందరూ అలాగే పిలిచారు. కుర్దు రాతలో అది ఎక్స్‌తో మొదలవుతుంది. అంకారాలో సర్కారు వాళ్ల అక్షరమాలలో ఎక్స్ లేదు. వాళ్లకు లేదు కాబట్టి ఇంకెవరికీ ఉండకూడదట! రిజిస్టరులో "హునావ్" అని రాసుకున్నారు. ఆసుపత్రిలో ఆ పేరుతో పిలిస్తే ముసలమ్మ కదిలేదే కాదు. "ఎవరో హునావ్ అట, వెతుక్కోండి పాపం" అనేది. అలాంటి మనిషికి చచ్చాక ఆ పేరే అంటగడతారా? తప్పు పేరు కంటే ఉత్త రాయే నయమనుకుంది జోజాన్.

నలభయ్యో రోజున రాయి నిలబెట్టి, పోయినవాళ్ల పేరున రొట్టెలు పంచాలి. జోజాన్ రొట్టెల మీద పువ్వులు గుద్దే చెక్క అచ్చు తీసుకుని వడ్రంగి దగ్గరికి నడిచింది.

"పువ్వు చెరిపేసి అమ్మ పేరు చెక్కు. తిరగేసి చెక్కు, లేదంటే అద్దంలోలా తిరగబడి పడుద్ది."

నలభయ్యో రోజు పొద్దున్నే తందూరు పొయ్యిలోంచి మూడు వందల రొట్టెలు దిగాయి. ప్రతిదాని మీదా ఖునావ్. గడపగడపకూ పంచారు.

మధ్యాహ్నం మునిసిపాలిటీ గుమాస్తా నెజ్దెత్ శ్మశానానికి వచ్చాడు. రాయి ఖాళీగా ఉండటం చూసి తృప్తిగా తలాడించాడు. జోజాన్ అతని చేతిలో రొట్టె పెట్టింది. అతని మొహం మాడిపోయింది.

"ఈ అక్షరం నిషేధం, తెలుసా? దీన్ని సాక్ష్యంగా పట్టుకుపోతా."

"పట్టుకెళ్లండి సారూ. మిగతావి ఊళ్లోవాళ్ల కడుపుల్లో ఉన్నాయి, వాటినీ తీసుకెళ్లండి!"

సమాధి చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. చనిపోయినవాళ్ల రొట్టెను సమాధి ముందు పగవాడైనా కాదనడు. అందరూ చూస్తున్నారు. నెజ్దెత్ చివరికి ఒక ముక్క కొరికాడు.

అప్పటిదాకా ఓ మూల నిలబడి తన రొట్టె తింటున్న రమో మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. సంచీలోంచి ఉలి తీశాడు.

"కొట్టు పోతే పోనీలేమ్మా. ఈ రొట్టె తిన్నాక ఆ ఖాళీ రాయి వంక ఎలా చూడను?"

నోటినిండా రొట్టెతో నెజ్దెత్ ఏదో అనబోయేలోపే మేస్త్రి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏటవాలుగా మొదటి గీత గీశాడు, దానికి అడ్డంగా రెండోది.