సాక్షి దిమ్మ

మత్స్యరాజు ఈల పోయిన రోజు మంగళవారం. రోలుగుంట దారిలో కాలువ తవ్వుతున్నారు. మెడలో తాడు తెగి ఈల ఎక్కడో మట్టిలో పడింది. బుల్‌డోజర్ వెనక్కి వచ్చేటప్పుడు ఈల ఊది మనుషులను తప్పించడం నాలుగేళ్లుగా అతని పని.

"ఈల మింగేసినావేటి?" అంది తట్ట మోస్తున్న భార్య కొండలమ్మ.

"మింగితే ఈపాటికి కడుపులో కూసీది."

అతని దిగులు ఈల గురించి కాదు, దిమ్మ గురించి. గోతి నడుమ తవ్వకుండా వదిలిన నిలువెత్తు మట్టి దిమ్మ అది. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉంది. ఇంజనీరు గారు మధ్యాహ్నం వచ్చి, దాని పక్కన టేపు పెట్టి, ఎంత లోతు తవ్వారో రాసుకుంటారు. ఈలోగా అది కూలితే ఇరవైమంది పది రోజుల కష్టానికి సాక్ష్యం ఉండదు.

దిమ్మను అతను మరో కారణానికీ చూస్తుండేవాడు. పైన ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్లు, ఆ కింద బెత్తెడు బూడిదరంగు పొర. ఆ పొరలో తెల్లని నత్తగుల్లలు.

"ఏరు ఇక్కడికెంతో దూరం. ఈ గుల్లలెలాగొచ్చాయంటావు, బాబూ?" అని డ్రైవరు బుజ్జిబాబును అడిగాడు.

"నడిసొచ్చుంటాయి మావా. ఇంజనీరు గారినడుగు. ముందు నానెటు రావాలో సెప్పు."

ఈల బదులు తన ఎర్ర తువ్వాలు ఊపుతానన్నాడు మత్స్యరాజు. రెండుసార్లు ఊపాడు. మూడోసారి బండి దిమ్మను దాదాపు రాసుకుంటూ పోయింది. అతను ఆ ఎర్ర తువ్వాలును దిమ్మ మీద పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టాడు. చూశానన్నట్టు బుజ్జిబాబు చెయ్యెత్తాడు.

ఇక తువ్వాలున్న వైపు బండి రాదు. మత్స్యరాజు దిమ్మ పక్కన గొంతుక్కూర్చుని, వేలితో ఒక గుల్ల పెకలించసాగాడు.

బుజ్జిబాబు మెడ తిప్పి తువ్వాలునే చూస్తూ వెనక్కి వచ్చాడు. దిమ్మకు తగలకుండా, మత్స్యరాజు కూర్చున్న పక్కకు తిప్పాడు. కొండలమ్మ కేక ఇంజను చప్పుడులో వినిపించలేదు. ఆమె విసిరిన తట్టను చూసి అతను బండి ఆపాడు.

లారీలో నర్సీపట్నం తీసుకెళ్లారు. ఆసుపత్రి మెట్ల దగ్గరే మత్స్యరాజు పోయాడు.

పని ఆగింది. ఇంజనీరు గారు ఆ రోజు రాలేదు. దినాలు అయ్యాక కూడా రాలేదు. తువ్వాలు తెచ్చిస్తానని బుజ్జిబాబు అంటే కొండలమ్మ వద్దంది.

"కొలిసినాక నానే తీసుకుంటాను."

రాయి కింద తువ్వాలు ఎండకు వెలిసిపోయింది. దిమ్మను ఇంకా ఎవరూ కొలవలేదు.