నాలుగో తేదీ అమ్మకం

మా చెల్లెలి కూతురు టీకాల నర్సు. కొండమీది పదిహేను ఊళ్ళు ఆమెకు అప్పగిస్తూ వచ్చిన ఉత్తర్వులో ఒక షరతు ఉంది: ఒకటో తేదీన చేరేనాటికి తన పేరుమీద నమోదైన బండి ఉండాలి. ఆ దారి సగం తారురోడ్డు, మిగతా సగం రాళ్ళూ వాగూ. రెండింటికీ తట్టుకునే మోటారుసైకిల్ కొత్తది కొనే స్తోమత మా ఇంట్లో ఎవరికీ లేదు.

పాతవాటికోసం తిరిగాం. మొదటిదానికి దీపమూ లేదు, హారనూ లేదు; పందేలకోసం తయారైంది. "నంబరు ప్లేటు బిగించినంత మాత్రాన నంబరు రాదు తల్లీ. దీనికి రోడ్డెక్కే రాత లేదు," అన్నాడు మా వెంట వచ్చిన మెకానిక్. రెండోదాని చాసిస్ మీద అంకెల్ని ఎవరో ఆకురాయితో అరగదీశారు. మూడోది ఒక మేడ ముందు, రేకుల పందిరి కింద, పట్టా కప్పుకొని ఉంది.

మెకానిక్ మోకాళ్ళమీద కూర్చుని అరగంట చూశాడు. అన్ని దీపాలూ వెలిగాయి, అంకెలు పుస్తకంతో సరిపోయాయి. కుడివైపు పాదం పెట్టుకునే కడ్డీ మాత్రం కొద్దిగా వంగింది.

"పడిందా?" అన్నాడు.

"పడింది మా తమ్ముడు," అన్నాడు ఇంటి యజమాని. "బండి నిక్షేపంగా ఉంది."

తమ్ముడు ఆ నెల పదకొండున, తడిసిన రాళ్ళమీద జారి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. మేము వెళ్ళింది ఇరవయ్యారున. బండి ఇంకా ఆయన పేరునే ఉంది.

చనిపోయినవాడి బండి చేతులు మారాలంటే ముందు వారసత్వ పత్రం రావాలి. అది రెండు నెలల పని. మా అమ్మాయికి ఉన్నవి అయిదు రోజులు. ముందుగదిలో కూర్చున్న బ్రోకరుకు ఇదేమంత చిక్కుగా తోచలేదు. అమ్మకపు పత్రం మీద నాలుగో తేదీ వేస్తే చాలునన్నాడు. అంటే, మనిషి పోవడానికి వారం ముందే బండి అమ్మేసినట్టు.

"ఆయన సంతకం?" అన్నాను.

"ఆ బెంగ మీకెందుకు మేడమ్? బతికున్నవాళ్ళకే చెయ్యి వణుకుతుంది. పోయినవాళ్ళ సంతకం ఒక్కసారి కూడా వంకరపోగా చూళ్ళేదు నేను."

యజమాని నవ్వాడు. నేను బల్లమీది బీమా కాగితం అందుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక బీమా సంస్థలో ప్రమాదాల విభాగంలో పనిచేశాను; అలాంటి కాగితాన్ని చదవకుండా వదిలిపెట్టలేను. గడువు ఇంకా ఏడు నెలలుంది. సొంత బండి నడుపుతూ యజమాని మరణిస్తే అతని భార్యకు పరిహారం చెల్లించాలని అందులో స్పష్టంగా ఉంది. భార్యకే, మరొకరికి కాదు. బండి ధరకు అది పదిహేను రెట్లు.

మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళాను. పోయినతని భార్య అక్కడే ఉంది; ముప్పై ఏళ్ళుండవచ్చు. స్టౌ విప్పి, బర్నర్లను పాత పళ్ళబ్రష్షుతో తోముతోంది. సంగతంతా చెప్పాను.

"బీమా ఉందా?" అంది. "కాగితాలన్నీ బావగారి దగ్గరే ఉంటాయండీ."

"ఉంది. కానీ నాలుగో తేదీ వేస్తే, పదకొండున మీ ఆయన నడిపింది మా అమ్మాయి బండి అవుతుంది. పరాయి బండి మీద పోయినవాడికి ఆ డబ్బు రాదు."

ఆమె బ్రష్షు ఆపింది. "నాలుగున ఈయన ఇంట్లోనే ఉన్నారు. పొద్దంతా ఆ బండే కడిగారు. పిల్లకి స్నానం చేయించమంటే బండికి చేయిస్తున్నారని తిట్టాను కూడా."

"ఆ మాటే వాళ్ళ ముందు చెప్పు."

"అమ్మాయ్!" ముందుగదిలోంచి బావగారి పిలుపు. "ఇలా రా, సాక్షి సంతకం పెట్టు."

చేతులు కడుక్కుని, తుడుచుకుని వెళ్ళింది. నేను ఆమె వెనకే వెళ్ళి, ఆ తేదీవల్ల ఎవరి నోటికాడ కూడు పోతుందో అందరికీ వినిపించేలా చెప్పాను. ఆ బావగారు తెలియక చేస్తున్నాడేమోనన్న అనుమానం అప్పటివరకూ నాకుండేది. అతని ముఖం చూశాక అది పోయింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాడతను. "మా మరదలు ఏమైనా అందా? ఏమ్మా, అన్నావా?"

ఆమె సంతకం పెట్టింది.

మా అమ్మాయి నన్ను వాకిట్లోకి లాక్కెళ్ళింది. "నాకూ కడుపు రగులుతోంది పెద్దమ్మా. కానీ పైన ముప్పై ఎనిమిది మంది పిల్లలు రెండో టీకాకి చూస్తున్నారు. ఒకటిన నేను వెళ్ళకపోతే వచ్చే వేసవిదాకా ఇంకొకర్ని వెయ్యరు. నీ తేదీలు వేస్తాయా వాళ్ళకి టీకాలు?"

"ఆ పిల్ల బతుకో?"

"తనే పెట్టింది కదా సంతకం!"

కొనుగోలుదారు తరఫు సాక్షిగా సంతకం పెట్టనన్నాను. బ్రోకరు జేబులోంచి కలం తీసి తనే పెట్టాడు. నా నిరాకరణ వాళ్ళ పనిని పావు నిమిషం ఆలస్యం చేసింది.

ఆ వారమే బీమా సంస్థకు ఉత్తరం రాశాను. సంతకం దొంగదనీ, తేదీ అబద్ధమనీ, కొన్నది మా చెల్లెలి కూతురేననీ రాశాను. ఆమె పేరు దాచలేదు. ఆ సంగతి తెలిసిననాటినుంచి ఆమె మా గడప తొక్కలేదు. మా చెల్లెలు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, "కన్నకడుపైతే రాసేదానివా అక్కా?" అని అడిగి, జవాబు వినకుండా పెట్టేసింది.

విచారణాధికారి ఆ మేడకు వెళ్ళాడు. చట్టం తెలిసినవాడు ఆమెను వేరుగా కూర్చోబెట్టి అడగాలి. ఈయన ముందుగదిలో, బావగారి పక్కనే నిలబెట్టి అడిగాడు. ఆరో వారంలో నాకు రెండు పంక్తుల జవాబు వచ్చింది: అమ్మకం నాలుగో తేదీనే జరిగినట్టు మృతుని భార్య ధ్రువీకరించింది, ఫిర్యాదు నిరాధారం.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. పెరటి తలుపు ఆమే తీసింది.

"ఎందుకలా చెప్పావమ్మా?"

"మీరు ఉత్తరం రాసి మీ ఇంట్లో పడుకున్నారు. నేను పడుకోవాల్సింది ఈ ఇంట్లో," అంది. గొంతులో కోపం లేదు. "ఆ డబ్బు ఎన్నాళ్ళకొస్తుందో మీకూ తెలీదు. ఇక్కడ అన్నం ఈ పూటకి కావాలి, పిల్లకీ నాకూ."

"ఇంకా పై అధికారికి రాయవచ్చు. నువ్వొక్క మాట..."

"వద్దండీ. మళ్ళీ మనుషులొస్తారు. మళ్ళీ ఆయన పక్కన నిలబడి చెప్పాలి."

వీధిలో గేటు చప్పుడైంది. ఆమె నా భుజంమీదుగా సందు చివరకు చూసింది.

"ఇటునుంచే వెళ్ళండి," అని తలుపు వేసుకుంది.