ఎర్రదీపాలపై దండయాత్ర

గ్రంథపాలకుడి ముందుగదిని ఆయన బావమరిది ఆక్రమించి ఎనిమిది నెలలైంది. కొత్త ఉద్యోగం దొరికేదాకా రెండు వారాలుంటానని వచ్చినవాడు, గోడకున్న ప్రతి సాకెట్లోనూ ఏదో ఒకటి గుచ్చి స్థిరపడ్డాడు: టీవీ, ఆటల పెట్టె, స్పీకర్లు, ఫోనులు లేని మూడు ఫోను చార్జర్లు. గ్రంథపాలకుడి సామ్రాజ్యం వెనకగదిలోని బల్లంత మేరకు కుంచించుకుపోయింది. "వెళ్ళు" అనే రెండక్షరాలు ఇంటావిడకు వినబడకుండా పలకడం ఆయనకు చేతకాలేదు.

కనుక శాస్త్రాన్ని ఆశ్రయించాడు. ఆపేసిన యంత్రం నిజానికి ఆగదనీ, ఎర్రదీపం వెలిగినంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుందనీ పత్రికలో చదివి, ఆదివారం ఉదయం ముందుగదిలో ప్రవేశించి, నాడి పట్టే వైద్యుడిలా ఒక్కొక్క చార్జరు మీదా వేళ్ళు ఆనించాడు.

"పనేమీ లేదు. అయినా తింటోంది."

సోఫాలోని దుప్పటి కదిలింది. "ఎవరి సంగతి బావగారూ?"

"చార్జరు సంగతేనోయ్. పిలుపొస్తుందని సిద్ధంగా పడి ఉంటుందట. పిలుపూ రాదు, అదీ లేవదు."

"ఏమండీ, పొద్దున్నే మా తమ్ముడి మీద పడ్డారేం?" అంది ఇంటావిడ వంటింట్లోంచి.

"వాణ్ణెవరన్నారు? నేను విద్యుత్తు గురించి మాట్లాడుతున్నాను."

ఆ పూటే శాసనం వెలువడింది: వాడని ప్రతిదాని ప్లగ్గూ ఊడదీయాలి; ఏది వాడనిదో తేల్చేది ఆయనే. తెరలన్నీ నల్లబడితే వారంలో బావమరిది మూటాముల్లె సర్దుకుంటాడని ఆయన వ్యూహం. రెండు రోజులు ఆ మహానుభావుడు గోడలు చూస్తూ గడిపాడు. మూడోనాడు తోచక ఆ పత్రికే చదివాడు. నాలుగోనాటికి గదికొక స్విచ్చుల బోర్డు బిగించి, ఏది ఎప్పుడు ఆర్పాలో పట్టిక రాసి గోడకంటించాడు. గ్రంథపాలకుడి చదువుదీపానికి సాయంత్రం గంటన్నర మంజూరైంది.

"ఎంత శ్రద్ధో చూశారా?" అంది ఇంటావిడ మురిసిపోతూ. "వీడు వెళ్తే ఇవన్నీ ఎవరు చూస్తారు? ఇక్కడే ఉండిపొమ్మన్నాను."

"ఉద్యోగం?"

"దొరికినప్పుడు చూద్దాం లెండి. ఒక్కరోజు ఏమరినా మళ్ళీ తాగుతాయని మీరేగా అన్నారు."

బావమరిది వినయంగా దగ్గాడు. "బావగారూ, వెనకగదిలో మీ ప్రింటరు నెలనుంచీ ఊరికే ఉంది. తీసేశాను. ఆ బల్లమీద నా కంప్యూటరు పెట్టుకోమంది అక్క. ఇంతటి పర్యవేక్షణకి ఒక్క గది చాలదు కదా."

తన సిద్ధాంతాన్ని తానే ఖండించలేక, గ్రంథపాలకుడు ఓ కుర్చీ చంకన పెట్టుకొని వరండాలోకి నడిచాడు.